అన్న మూడు ఆటల మనిషి: సంస్మరణ సభలో మాట్లాడిన మాటలు

అందరికీ నమస్కారం. వదినకి, పాపకి, అల్లుడుగారికి, అన్నతో పనిచేసిన పెద్దలకి, ఇంకా అన్న ఆటలు నేర్పిన మన గ్రౌండ్ పిల్లలందరికీ. వెనకాల నించున్న బాబులూ, ముందు రెండు వరసల్లో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి, నేను కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ముందే చెప్పేస్తున్నా.

గేటు దగ్గర ఫ్లెక్సీ చూశాను. బాగా వేయించారు, ఫోటో కూడా మంచిది ఎంచారు. దాని మీద సీనియర్ వాలీబాల్ క్రీడాకారుడు అని ఉంది. నాతో నడుస్తున్న కంచరపాలెం కబడ్డీ ఆయన అది చూసి ఆగిపోయి, "ఇదేటండీ, మనోడు కబడ్డీ కదా" అన్నాడు. లోపలికొచ్చి కూర్చున్నాక ఇటుపక్క మాస్టారు, ఆయన చాలా ఏళ్ళు అథ్లెటిక్స్ మీట్లకి అఫీషియల్‌గా చేశారు, "కాదండీ, వాడు ట్రిపుల్ జంపరు, మిగతావి తర్వాత" అన్నారు. ముగ్గురిదీ నిజమే. నేను ఈరోజు చెప్పాలనుకున్నది కూడా అదే. అన్న మూడు ఆటలు ఆడాడు, మూడూ గట్టిగానే ఆడాడు, ఒకటి పట్టుకుని మిగతావి వదిలెయ్యరా అని ఎంతమంది చెప్పినా వదల్లేదు. దానివల్ల పోగొట్టుకున్నదీ ఉంది, అది కూడా చెప్తాను. కానీ మన పిల్లలకి ఆయన ఇచ్చింది ఏదైతే ఉందో అది ఆ మూడూ ఒక్క ఒంట్లో కలిశాయి కాబట్టే వచ్చింది, ఒక్క ఆట ఆడినవాడి దగ్గర అది దొరకదు, యాభై ఏళ్ళు పక్కనుండి చూసినోణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్తున్నా.

మొదట కబడ్డీ. వాళ్ళ నాన్నగారు చిట్టివలస జూట్ మిల్లులో పనిచేసేవారు, అన్న పుట్టి పెరిగింది అంతా అటు తగరపువలస, భీమిలి సైడే. అక్కడ సంక్రాంతికి ఊరూరా కబడ్డీ పోటీలు పెట్టేవారు, రాత్రిపూట పెట్రోమాక్స్ లైట్ల కింద. అప్పట్లో ఇప్పటిలాగ ముప్పై సెకన్ల టైమరు లేదు, కూత ఆగితే అయిపోయినట్టే, ఊపిరే గడియారం. అన్న కూతకెళ్తే అవతల కార్నర్లో ఉన్నోడికి ఓపిక పోయేదంట, ఎందుకంటే ఈయన తొందరపడడు, గీత దగ్గరే అటూ ఇటూ తిరుగుతాడు, మిగతా ఆటగాళ్ళు ముందుకి రావాలా వద్దా అని తేల్చుకునేలోపు ఒక కాలు లోపలికి, టో టచ్, అంటే కాలి వేలితో అవతలోణ్ణి అంటుకుని, వెనక్కి. ఆ వెనక్కి రావడం చూడాలండి. మధ్యగీత ఇంకా ఎంతో దూరం ఉండగానే ఎగిరేవాడు, గాల్లో ఒళ్ళు తిప్పి గీత ఇవతల పడేవాడు.

ఆ ఎగరడమే ఆయన్ని ట్రిపుల్ జంప్‌లోకి తెచ్చింది. 1971లో డిగ్రీకి విశాఖ వచ్చాడు, చేరిన కాలేజీలో పీడీ గారు, అంటే ఆటలు చూసే ఫిజికల్ డైరెక్టర్, కబడ్డీ సెలక్షన్స్ చూస్తూ ఆ గెంతు గమనించారు. ఆయనకేమో యాన్యువల్ స్పోర్ట్స్‌లో హాప్ స్టెప్ అండ్ జంప్‌కి మనిషి లేడు, అప్పుడు ట్రిపుల్ జంప్‌ని అలాగే అనేవారు. ఇంకేముంది, పట్టుకెళ్ళి పిట్ దగ్గర, అంటే దూకే ఇసక గుంట దగ్గర, నిలబెట్టారు. అన్నకి అది ఏం ఈవెంటో కూడా తెలీదు. ఒకే కాలు మీద లేచి అదే కాలు మీద పడాలి, తర్వాత రెండో కాలు మీద పడాలి, ఆ తర్వాత ఇసకలోకి. చెప్పడానికి సుళువే, కానీ మొదటి దాంట్లోనే పొగరుగా ఎత్తుకి లేచారనుకోండి, దిగేటప్పుడు ఒంటి బరువు ఎన్నో రెట్లై ఆ ఒక్క కాలు మీదే పడుద్ది, ఇంక రెండోది ఉండదు, మూడోదీ ఉండదు. తక్కువ ఎత్తులో వెళ్ళాలి, మూడు అడుగుల చప్పుడూ సమానంగా వినబడాలి. అన్న పిల్లలకి నేర్పేటప్పుడు కళ్ళు మూసుకుని వినేవాడు, మీలో చాలామందికి తెలుసు. పిట్ పక్కన బెంచీ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, చప్పుడు విని "స్టెప్పు పొట్టిగా పడింది, మళ్ళీ ఎల్లు" అనేవాడు. టేపు తీసి చూస్తే నిజంగానే స్టెప్ పొట్టిది.

మూడోది వాలీబాల్. అది జై ఆంధ్ర ఉద్యమం టైంలో వచ్చింది, 1972 ఆఖర్లో. ఇక్కడ పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కాలేజీలు నెలల తరబడి మూతబడ్డాయి, రోజూ బందులు, కర్ఫ్యూలు, హాస్టళ్ళు ఖాళీ చేయించేశారు, చాలామందికి ఆ ఏడాది చదువు ఏడాదే పోయింది. జనవరిలో రాష్ట్రపతి పాలన కూడా పెట్టారు. అన్న ఊరికెళ్ళిపోకుండా చినవాల్తేరులో మేనమామగారి ఇంట్లో ఉండిపోయాడు. పొద్దున్న లేస్తే చెయ్యడానికి పని లేదు, గ్రౌండ్లకి తాళాలు. ఈయనా ఇంకో పదిమందీ బీచ్‌కి దిగిపోయారు. జాలారిపేట వాళ్ళ దగ్గర పాత వల ఒకటి అడిగి తెచ్చుకుని, రెండు సరుగుడు కర్రలు పాతి, నెట్ కట్టారు. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను, మా ఇల్లు ఆ దగ్గర్లోనే, బంతి నీళ్ళ వైపు పోతే పరిగెత్తి తెచ్చే డ్యూటీ నాది. తోలు బంతి, తడిసిందంటే ఇటుకరాయి బరువు. ఆ బంతితో, ఆ మెత్తటి ఇసకలో, కాలు లోపలికి దిగిపోతూ ఉంటే ఎగరడం ఎంత కష్టమో ఆడినవాళ్ళకి తెలుస్తుంది. కాలేజీలు తెరిచేసరికి అన్న షూటర్, అంటే నెట్ మీద నుంచి షాట్ కొట్టేవాడు, అయిపోయాడు. గట్టి నేల మీదకొచ్చి ఎగిరేసరికి 2.43 మీటర్ల నెట్ మీద మోచేతుల దాకా కనబడేవాడని అప్పట్లో ఆయనకి బంతి ఎత్తి ఇచ్చిన లిఫ్టర్ గారు చెప్పేవారు, ఆయన కూడా ఇప్పుడు లేరు.

ఒక్క రోజు గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ రోజు నేనక్కడే ఉన్నాను, అప్పటికి నేనూ కాలేజీలో చేరాను. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ గ్రౌండ్, ఇంటర్ కాలేజియట్, అంటే కాలేజీల మధ్య పోటీలు. వాలీబాల్ మ్యాచ్ పొద్దున్న అయిపోవాలి, అథ్లెటిక్స్ తర్వాత మొదలవ్వాలి, అది ప్లాను. కానీ అప్పటి వాలీబాల్‌లో సర్వీస్ మన చేతిలో ఉంటేనే పాయింటు, లేకపోతే సర్వీస్ మారడమే, ఇప్పుడున్న ర్యాలీ పాయింటు 1998 తర్వాత వచ్చింది కదా. 15 పాయింట్ల సెట్టే గానీ గంట అయినా తేలదు. అలా సాగి సాగి నాలుగో సెట్లో ఉండగా అటుపక్క ట్రిపుల్ జంప్ పిలిచేశారు. పేరు పిలిచాక కొద్ది టైమే ఇస్తారు, రాకపోతే ఆ ట్రయల్, అంటే ఆ వంతు గెంతు, పోయినట్టే. మా కెప్టెన్ ఏం చేశాడంటే అన్నని వెనక వరసలోకి రొటేట్ అవ్వనిచ్చి సబ్‌స్టిట్యూట్‌ని దింపాడు, అన్న బనియను మీదే గ్రౌండ్‌కి అడ్డంపడి పరిగెత్తాడు, జంప్ చేశాడు, ఇసక దులుపుకోకుండా వెనక్కొచ్చాడు. ఒకసారి బయటికెళ్ళినోడు ఆ సెట్లో ఒకసారే తిరిగి రావచ్చు, అది రూలు. అంటే రెండో ట్రయల్‌కి వెళ్తే కోర్టులో మావాళ్ళు ఐదుగురే మిగులుతారు. పిలిచారు. అన్న కోర్టులోంచి అటు చూశాడు, కెప్టెన్ వైపు చూశాడు, ఉండిపోయాడు. ఆ ట్రయల్ వదిలేశాడు. సెట్ అయ్యాక మ్యాచ్ మాదే అని తేలాక మూడోదానికి వెళ్ళి, 14 మీటర్ల దగ్గర్లో దూకి, ఫైనల్ ఎనిమిదిమందిలోకి వచ్చి, సాయంత్రానికి రెండో స్థానం. సాయంత్రం నేను అడిగాను, రెండో ట్రయల్ ఉంటే ఫస్ట్ వచ్చేదేమో కదా అన్నా అని. "ఆళ్ళు ఐదుగురే ఆడాలేటి మరి?" అన్నాడు. అంతే, ఇంక ఆ విషయం మీద మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఈ మూడు ఆటలూ ఒకదానికొకటి ఎలా పనికొచ్చాయో నేను పీఈటీ, అంటే స్కూల్లో వ్యాయామం మాస్టారు, అయ్యాక గానీ నాకు బుర్రకెక్కలేదు. వాలీబాల్‌లో బ్లాక్‌కి, అంటే అవతలోడి షాట్‌కి అడ్డంగా, ఎగిరేవాడు బంతిని చూస్తాడు, అందరూ అదే చేస్తారు. అన్న అవతలి షూటర్ మోకాళ్ళని చూసేవాడు. అది కబడ్డీ నుంచి వచ్చింది. కూతకెళ్ళినప్పుడు అవతలోడి మొహం చూస్తే మోసపోతారు, బరువు ఏ కాలి మీద ఉందో చూడాలి, ఏ కాలి మీద బరువుంటే ఆ కాలితో వాడు వెంటనే కదల్లేడు. "మొకం సూడకురా, మోకాళ్ళు సూడు" అని ఎన్నిసార్లు అన్నాడో. అలాగే షాట్ కొట్టడానికి వచ్చేటప్పుడు ఆఖరి రెండడుగులు. ఆఖరి ముందరిది పొడుగ్గా, నడుం కొంచెం దించి, ఆఖరిది పొట్టిగా తటాల్న పెట్టాలి, అప్పుడు ముందుకెళ్ళే ఊపు పైకి మారుతుంది. ఇది లాంగ్ జంప్, ట్రిపుల్ జంప్ వాళ్ళ టేకాఫ్‌కి చుట్టమే. రోజూ టేకాఫ్ బోర్డు మీద దిద్దుకున్నోడికి నెట్ దగ్గర అది వేరే నేర్పక్కర్లేదు. ఇంక కబడ్డీ ఊపిరి ఎక్కడ పనికొచ్చిందంటే, ఐదు సెట్లు ఆడాక అందరూ నాలుకలు బయటపెట్టి నించుంటే ఈయన సర్వీస్ లైన్ దగ్గర ముక్కుతో ఊపిరి తీసుకుంటూ కనబడేవాడు.

మరి ఇంత ఉండి ఎందుకు పెద్ద పేరు రాలేదు అని అడిగేవాళ్ళున్నారు, మొన్న దినం రోజున కూడా ఎవరో అడిగారు. ఎందుకంటే సెలక్షన్ చేసేవాళ్ళకి ఒక ఆట మనిషి కావాలి. టీం ఎంపికలప్పుడు ఒక పెద్దాయన, పేరు అనవసరం, కబడ్డీ మానేస్తానని రాసిచ్చి రా అన్నారు, వేళ్ళు విరగ్గొట్టుకుంటావు అని. ఆయన భయంలో న్యాయం లేకపోలేదు, కబడ్డీలో వేళ్ళు నిజంగానే పోతాయి. అన్న రాసివ్వలేదు. ఆ ఏడు పేరు రాలేదు, తర్వాతేడు మళ్ళీ కబడ్డీకీ వాలీబాల్‌కీ డేట్లు కలిసిపోయాయి, ఏదో ఒకదానికే వెళ్ళాలి, వెళ్ళాడు. చేతిలోకొచ్చిన సర్టిఫికెట్లు చూస్తే అన్నీ ఒక మెట్టు కిందవే. ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటాలో అప్లై చేసినప్పుడు ఫారంలో గేమ్ అని ఒకటే గడి, దాంట్లో ఒకటే రాయాలి, మూడు ఆటల సర్టిఫికెట్లు కలిపి తూకం వేసేవాడెవడూ లేడు. నాకు ఇది ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. మూడు ఆటల్లో యూనివర్సిటీ స్థాయి దాకా వెళ్ళినోణ్ణి ఒక ఆటలో నేషనల్స్ రిజర్వ్ బెంచీ మీద కూర్చున్నోడికన్నా తక్కువ అని లెక్కగట్టడం ఏం లెక్కండీ అది?

చివరికి వాలీబాల్ మీదే ఉద్యోగం వచ్చింది, ఇక్కడే విశాఖలో. ఏ సంస్థ అన్నది ఇక్కడ వద్దు. బాగా ఆడాడు వాళ్ళకి, పదేళ్ళ పైనే. సంక్రాంతికి ఊరెళ్ళి కబడ్డీ ఆడాడని మెమో కూడా ఇచ్చారు, దాన్ని వదిన ఇంకా దాచి ఉంచారు. మోకాలు పోయాక స్టోర్స్‌లో వేశారు. ప్రమోషన్లు లేటయ్యాయి. నీరు చేరేది మోకాల్లో, తీయించుకుని మర్నాడు డ్యూటీకి వెళ్ళేవాడు. ఈ భాగం ఇంతటితో ఆపేస్తా, అన్న కూడా దీని గురించి ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

గ్రౌండ్ ఎలా మొదలైందో పిల్లలకి తెలీదు, అది చెప్పాలి. 1988 డిసెంబర్లో ఇక్కడ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో ఇండియా న్యూజిలాండ్ వన్డే జరిగింది, శ్రీకాంత్ 70 కొట్టి ఐదు వికెట్లు కూడా తీశాడు, ఊరు ఊరంతా ఊగిపోయింది. మర్నాటి నుంచి ఏ సందులో చూసినా బ్యాట్లే. మా కబడ్డీ వాళ్ళు, వాలీబాల్ వాళ్ళు తిట్టుకున్నారు, క్రికెట్ వచ్చి మన పిల్లల్ని ఎత్తుకుపోయిందని. అన్న మాత్రం ఆ క్రికెట్ పిల్లల దగ్గరికే వెళ్ళాడు. బంతి ఆపేటప్పుడు మీరు నడుం వంచుతున్నారు, మోకాళ్ళు వంచాలి, రండి చూపిస్తా అని చెప్పి వాళ్ళని కబడ్డీ కోర్టులోకి దింపాడు. అలా సాయంత్రం ఐదు నుంచి చీకటి పడేదాకా, ఫీజు లేదు, రిజిస్టరు లేదు. మన గ్రౌండ్ అప్పటికి చెత్త పోసే జాగా. కబడ్డీ కోర్టుకి ఎర్రమట్టి తెప్పించి, ఇసక, రంపపు పొట్టు కలిపి, నీళ్ళు చల్లి, చదును చేసి మళ్ళీ చల్లి, అలా వారం పట్టింది, అప్పుడు గానీ పడినా దెబ్బ తగలని మెత్తదనం రాలేదు. పిట్ కూడా సొంతంగా తవ్వాడు. శనివారం సాయంత్రం ఎప్పుడెళ్ళినా అన్న జల్లెడ పట్టుకుని పిట్‌లో కనబడేవాడు, గాజుపెంకులు, రాళ్ళు ఏరేవాడు, పారతో మొత్తం తిరగేసేవాడు, ఎందుకంటే వాన పడితే ఇసక బిగిసిపోద్ది, బిగిసిన ఇసకలో దూకితే పిల్లల చీలమండలు పోతాయి. మోకాలు నొప్పి ఉన్నోడు అంతసేపు వంగి ఆ పని చేస్తుంటే చూడ్డానికి మనకి కష్టంగా ఉండేది, పార ఇవ్వన్నా అంటే ఇచ్చేవాడు కాదు, కాసేపాగి వేరే పార తీసుకురమ్మనేవాడు.

వార్మప్ విషయంలో మాత్రం చాలా కఠినం. ఆయనకి హెన్రీ రెబెల్లో కథ ప్రాణం. కొత్త పిల్లలకి అది చెప్పకుండా పిట్ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. 1948 లండన్ ఒలింపిక్స్, స్వాతంత్ర్యం వచ్చాక మనకి మొదటి ఒలింపిక్స్ అది, రెబెల్లో అనే కుర్రాడు ట్రిపుల్ జంప్‌లో పతకం తెస్తాడని అందరూ అనుకున్నారు, ఫైనల్స్‌కి వచ్చాడు, తన వంతు వచ్చి సిద్ధంగా నించుంటే ఏదో మెడల్స్ ఇచ్చే కార్యక్రమం ఉందని ఆగమన్నారు. చలిగాలి, ఒళ్ళు చల్లబడిపోయింది, తర్వాత పరిగెత్తి ఎగిరేసరికి తొడ వెనక కండరం తెగిపోయింది. అంతటితో ఆ ఒలింపిక్స్ అయిపోయింది. అన్న ఇది చెప్పి, "ఆళ్ళు ఆగమన్నా నువ్వు ఆగకు, నించున్న సోటే గెంతుతా ఉండు" అనేవాడు. మన గ్రౌండ్ నుంచి మీట్లకెళ్ళే పిల్లలు పోటీకి ముందు పిలిచి కూర్చోబెట్టే కాల్ రూంలో కూడా కాళ్ళు ఆడిస్తూ కనబడతారే, అది దీనివల్లే, వేరే కోచ్‌లు నన్ను అడిగారు కూడా ఎందుకు అలా అని.

బీచ్ రోడ్డులో మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి విగ్రహం ఉంది కదా, ఆ దారిన పిల్లల్ని రన్నింగ్‌కి తీసుకెళ్తే అక్కడ ఆపేవాడు. ఆయన సర్కస్ కబుర్లు, ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్న కబుర్లు అందరూ చెప్తారు, అన్న చెప్పేది వేరు, ఆయన ముందు విజయనగరంలో వ్యాయామం నేర్పిన మాస్టారు రా, వీరఘట్టం నుంచి వచ్చినోడు, నేర్పడం చేశాకే సర్కస్ పెట్టాడు అని. నేర్పడం అనేదాన్ని అన్న అంత పైన పెట్టుకున్నాడు.

2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు తెలుగు టైటాన్స్ మ్యాచ్‌లు మన పోర్టు ఇండోర్ స్టేడియంలో పెట్టారు. అన్నని తీసుకెళ్ళాం. మ్యాట్, లైట్లు, షూలు, ముప్పై సెకన్ల గడియారం. నచ్చదేమో అనుకున్నాం. ఆయన కుర్చీలో కూర్చోనే లేదు. రైడర్ లోపలికెళ్ళిన ప్రతిసారీ ఈయన కూడా ఊపిరి బిగపట్టేవాడు, నేను పక్కనుండి చూశాను. బయటికొచ్చాక, మ్యాట్ మీద కాలు జారదు కాబట్టి తిరగడం తొందరగా ఉంది, కానీ చీలమండ పట్టుకి మట్టి మీద ఉన్నంత జారుడు లేదు, మన పిల్లలకి రెండూ నేర్పాలి అన్నాడు. ఆ తర్వాత రెండు నెలలకి అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను. మన గ్రౌండ్ చుట్టూ ఉన్న చెట్లన్నీ పడిపోయాయి, రూము రేకులు ఎక్కడికెళ్ళాయో దొరకలేదు, కరెంటు లేదు, నీళ్ళు లేవు ఊళ్ళో. మూడో రోజుకే అన్న గొడ్డలి తెచ్చాడు. పడిన చెట్ల మధ్యన కొంత జాగా ఖాళీ చేసి ఆ సాయంత్రం పిల్లల్ని ఆడించాడు, ఇంట్లో చీకట్లో కూర్చుని ఏడుస్తారు, ఇక్కడికి పంపండమ్మా అని ఇళ్ళిళ్ళకీ వెళ్ళి చెప్పాడు. వదిన ఆ రోజుల్లో కట్టెల పొయ్యి మీద చోడి అంబలి, అంటే రాగి అంబలి, కాచి, ఉల్లిపాయ ముక్కలు వేసి గ్లాసుల్లో పోసి ఇచ్చేవారు, అది తాగిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తూ ఈ హాల్లో ఉన్నారు, నాకు కనబడుతున్నారు.

ఇప్పుడు తల్లిదండ్రులకి ఒక మాట, ఇది నాది కాదు అన్నదే, నేను మోసుకొచ్చానంతే. ఆరేళ్ళ పిల్లాణ్ణి అకాడమీలో చేర్చి ఏడాది పొడుగునా ఒకటే ఆట, ఒకటే కదలిక, అదే భుజం, అదే మోచెయ్యి. పదమూడేళ్ళకి ఆ పిల్లాడు ఫిజియో దగ్గర తేలుతున్నాడు. నేను స్కూల్లో పనిచేసినన్నాళ్ళూ చూశాను, ఎముక ఇంకా ఎదుగుతున్న వయసులో అదే చోట రోజూ దెబ్బ పడితే అది దెబ్బతినేస్తుంది, డాక్టర్లూ అదే చెప్తున్నారు. అన్న లెక్క ఏంటంటే పద్నాలుగు పదిహేను వచ్చేదాకా అన్నీ ఆడనివ్వండి, ఆట దానంతటదే వాణ్ణి ఎంచుకుంటుంది. సింధు సంగతి చెప్పేవాడు, వాళ్ళ అమ్మా నాన్నా ఇద్దరూ వాలీబాల్ ప్లేయర్లే, నాన్న రమణ గారు 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన టీంలో ఉన్నారు, అయినా పిల్ల బ్యాడ్మింటన్ పట్టుకుంటే ఇదెందుకు అనలేదు. మన క్యాంప్ ఫారంలో ఏ గేమ్ అని అడిగే గడి మొదటినుంచీ లేదు, అది అన్న కావాలనే పెట్టనివ్వలేదు.

ఇంక జ్యోతి యర్రాజీ. మన విశాఖ పిల్ల, వాళ్ళ నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్ళల్లో పనిచేసి పెంచారు, 2023లో బ్యాంకాక్‌లో వంద మీటర్ల హర్డిల్స్‌లో ఏషియన్ ఛాంపియన్, 2024లో పారిస్. ఒలింపిక్స్‌లో వంద మీటర్ల హర్డిల్స్ పరిగెత్తిన మొదటి భారతీయ అమ్మాయి. పారిస్ రేసు రోజున అన్నకి ఒంట్లో అప్పటికే బాగోలేదు, అయినా టీవీ ముందు కూర్చుని హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య అడుగులు వేళ్ళ మీద లెక్కపెట్టాడు, మూడేసి. రేసు అయ్యాక మన ఆడపిల్లలకి హర్డిల్స్ లేవు, రెండు సెట్లు చేయించాలి అన్నాడు. చేయించాడు కూడా, గాజువాకలో వెల్డింగ్ షాపు వాడి దగ్గర కూర్చుని, తగిలితే పడిపోయేలాగ బరువు ఎక్కడ పెట్టాలో చెప్పి మరీ. ఇప్పుడు రూములో ఉన్న నీలం రంగువి అవే.

ఆఖరి రెండు నెలలు హాస్పిటల్‌కీ ఇంటికీ తిరగడమే. నేను వెళ్ళినప్పుడల్లా అడిగింది ఒకటే, ఎవరెవరు వస్తన్నారు, ఎవరు మానేశారు అని. మానేసినోళ్ళ ఇళ్ళకి నన్ను పంపేవాడు. ఒక అమ్మాయి పదో క్లాసు అని మానిపించేశారు, వాళ్ళ నాన్నతో ఫోన్‌లో మంచం మీద నుంచే మాట్లాడాడు, పరీక్షలయ్యాకైనా పంపండి బాబూ అని. ఆ అమ్మాయి ఈరోజు వచ్చింది, మూడో వరసలో ఉంది, వాళ్ళ నాన్న కూడా వచ్చారు. చాలా సంతోషం అండీ మీరు రావడం.

ఇంక పని విషయాలు రెండు చెప్పి మైకు ఇచ్చేస్తా. పోయిన వానలకి కబడ్డీ కోర్టు పడమటి మూల పల్లం అయిపోయింది, పిట్‌లో ఇసక కూడా బిగుసుకుంది. వచ్చే ఆదివారం పొద్దున్న ఐదున్నరకి మట్టి ట్రాక్టరు వస్తుంది, డబ్బులు పాత ప్లేయర్లు వేసుకున్నారు, ఎవరూ ఇవ్వక్కర్లేదు. పారలు, గమేళాలు ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, జల్లెడ రెండు ఉన్నాయి, ఇంకోటి కావాలి. రంపపు పొట్టు అక్కయ్యపాలెం టింబర్ డిపో ఆయన ఇస్తానన్నారు, తేవడానికి ఆటో ఉన్నవాళ్ళెవరైనా కార్యక్రమం అయ్యాక నన్ను కలవండి. వేసవి క్యాంప్ ఎప్పటిలాగే ఉంటుంది, ట్రిపుల్ జంప్ నేను చూస్తా, వాలీబాల్ పాప చూస్తానంది, కబడ్డీకి కంచరపాలెం ఆయన ఇందాక ఒప్పుకున్నారు. ఇప్పుడు వదిన మాట్లాడతారు. వదినా, రండి, మెట్టు చూసుకోండి.